ముళ్ళకంప అడ్డం పెట్టిన వంతెన

భవానీపురంలో మా అపార్టుమెంటు ముందు మురుగుకాలువ మీద కార్పొరేషను వాళ్ళు కొత్తగా స్లాబు పోశారు. దాని మీద గోనెసంచులు పరిచి పొద్దునా సాయంత్రం నీళ్ళు కొడుతుంటే, తడిసిన గోనె వాసనా పచ్చి సిమెంటు వాసనా కలిసి మూడో అంతస్తులో మా వంటింటి దాకా వచ్చేవి. ఆ వాసన తగిలినప్పుడల్లా నాకు సుగుణ గుర్తొచ్చేది.

మా ఊరు హనుమాన్ జంక్షన్‌కి అవతల, కాలువ గట్టున ఉండేది. ఊరూ, దానికి తూర్పున పల్లే ఇవతలి గట్టున ఉంటే, బడీ తారురోడ్డూ అవతలి గట్టున ఉండేవి. మధ్యలో పక్కపక్కన పడేసిన రెండు తాటిమొద్దులే దారి. అది కాదంటే లాకుల మీదుగా రెండు మైళ్ళు చుట్టు తిరగాలి. తొలకరికి కాలువ వదిలాక ఎర్రనీళ్ళు మొద్దుల్ని ఒరుసుకుంటూ పారేవి, మొద్దులకు పాచి పట్టేది, గట్టు మీద రాలిన నేరేడుపళ్ళు తొక్కి మా అరికాళ్ళు ఊదారంగుకు తిరిగేవి. సుగుణ పల్లెలో దేవసహాయం కూతురు, నా క్లాసే. నాకు మొద్దులంటే వణుకు. తను వెనక్కి నడుస్తూ నా రెండు చేతులూ పట్టుకుని దాటించేది. "కిందికి చూడమాకే. నా మొకం చూడు" అనేది. చెప్పులు విప్పి చంకలో పెట్టుకునే నన్ను చూసి, "నీ చెప్పులు చంకలోనే అరిగిపోతయ్యే" అని నవ్వేది. క్రిస్మస్‌కి వాళ్ళమ్మ వండిన బూరెలూ, చవితికి మా అమ్మ చేసిన ఉండ్రాళ్ళూ కాగితంలో చుట్టుకెళ్ళి, దాటేశాక బడిగట్టు మీద కూర్చుని తినేవాళ్ళం.

మా నాన్న అప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు. సమితి ఆఫీసు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగితే వంతెన మంజూరైంది. ఖర్చులో సగం సమితిది, సగం ప్రజల వాటా. వాటా అంటే అందరూ డబ్బే ఇవ్వనక్కరలేదు. పొలం ఉన్నవాళ్ళు కుప్పలు నూర్చిన కళ్ళంలోనే ఎకరానికింతని ధాన్యం కొలిచారు, బండ్లున్నవాళ్ళు ఇసుక తోలారు, పల్లెవాళ్ళు ఇంటికొకరు చొప్పున రాళ్ళు మోశారు. దేవసహాయం తన వంతు రోజులు అయిపోయినా మానలేదు. నాన్న అడిగితే, తన కూతురు నడిచే వంతెన కదా అన్నాడట. ఒంటిపూట బడి వదిలాక సుగుణా నేనూ గోనెసంచుల మీద చెంబులతో నీళ్ళు పోసేవాళ్ళం. అది మా ఇద్దరి వాటా అనుకునేవాళ్ళం.

వేసవి సెలవుల్లోనే పని పూర్తయింది. రెండు కొసలా తుమ్మకంప అడ్డం పెట్టారు. మొదట సిమెంటు గట్టిపడాలని పెట్టారు, గట్టిపడ్డాక ప్రారంభోత్సవం కావాలని ఉంచారు. పాలు పొంగించకుండా కొత్త ఇంట్లో ఎలా కాపురం పెట్టరో, పెద్దమనిషి వచ్చి రిబ్బను కత్తిరించకుండా మా వైపు వంతెన మీద అలా కాలు పెట్టేవారు కాదు. నాన్నకు ఇంకో భయం కూడా ఉండేది. చెరువునీళ్ళు తాగి ఊళ్ళోనూ పల్లెలోనూ ఏటా వాంతులూ విరేచనాలూ. మంచినీళ్ళ ఫిల్టరుబెడ్డు కాగితం బెజవాడలో, వంతెన ప్రారంభించాల్సిన పెద్దాయన బల్ల మీదే ఉంది. ఆయన రాకముందే వంతెన తొక్కితే చిన్నబుచ్చుకుంటాడని నాన్న దిగులు. ఆయన రాక మూడుసార్లు వాయిదా పడింది. ఈలోగా కాలువ వదిలారు, బడులు తెరిచారు.

ఒకరోజు పొద్దున్నే దేవసహాయం మా అరుగు కింద నిలబడ్డాడు.

"ప్రెసిడెంటు గారండీ, పిల్లకాయలు పట్టేంత సందు, ఓ పక్క కంప జరిపితే ఏమవుద్దండీ?"

"నాలుగు రోజులు ఓపిక పట్టరా. ఆ నీళ్ళ కాగితం మీద సంతకం పడనీ."

"అట్టాగేనండీ" అని వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే, రాత్రంతా కురిసి వెలిసిన పొద్దున, సుగుణ ఎప్పటిలాగే వెనక్కి నడుస్తూ నన్ను దాటిస్తోంది. మొద్దుల మధ్యకు వచ్చేసరికి తన కాలు జారింది. నా చేతులు తనే వదిలేసిందో, జారిపోయాయో నాకు ఇప్పటికీ తెలియదు. నేను మొద్దు మీదే మిగిలాను. పాతిక అడుగుల దూరంలో వంతెన ఉంది.

మధ్యాహ్నానికి సుగుణ అవతలి గట్టున జమ్ములో దొరికింది. మొద్దుల మీద మోసుకు రావడం కుదరదు. నాన్న పరిగెత్తుకెళ్ళి, కర్ర కోసం కూడా చూడకుండా, ఇవతలి కంపనూ, మొద్దుల మీదుగా దాటి అవతలి కంపనూ వట్టి చేతులతో లాగేశాడు. ఆయన మోచేతుల దాకా నెత్తురు. దేవసహాయం కూతుర్ని భుజాన వేసుకుని, తను మోసిన రాళ్ళ మీదుగా ఇంటికి నడిచాడు. ఆ వంతెన దాటిన మొదటి మనుషులు వాళ్ళిద్దరే.

నెల తర్వాత పెద్దాయన వచ్చాడు. రిబ్బను కట్టారు, ఆయన కత్తిరించాడు. ఆ రోజునే వంతెన ప్రారంభమైనట్టు రాతి మీద చెక్కారు. నీళ్ళ కాగితం మీద సంతకం కూడా పడింది. ఆ నీళ్ళు తాగే నేను పెరిగాను. నాన్న మాత్రం బతికినన్నాళ్ళూ అవతలి గట్టుకు లాకుల మీదుగానే వెళ్ళాడు, రెండు మైళ్ళు చుట్టు తిరిగి.

తర్వాత పత్రికలో పనిచేసిన ఇన్నేళ్ళలో ఎన్ని ప్రారంభోత్సవాలకు వెళ్ళానో లెక్కలేదు. ప్రతిచోటా నేను మొదట అడిగింది, పని పూర్తయి ఎన్నాళ్ళయిందని. మొన్న ఊరు వెళ్తే ఆ వంతెన లేదు. లారీలు పోయేంత వెడల్పుది వేశారు. పాత రాయి ఏమైందో చెప్పగలిగినవాళ్ళు లేరు, దేవసహాయం వాళ్ళూ లేరు. సుగుణ పేరు ఏ రాతి మీదా ఎప్పుడూ లేదు కాబట్టి, పోయిందని చెప్పడానికి కూడా లేదు.

మా వీధి స్లాబు మీద గోనెలు తీసేసి పది రోజులైంది. రెండువైపులా తాడు కట్టారు, పక్కన రాయికి గుడ్డ కప్పారు. బడిపిల్లలు రోడ్డు మీదకు దిగి ఆటోల మధ్య నుంచి చుట్టు తిరిగి పోతున్నారు. ఇవాళ పొద్దున నేను కిందికి దిగి తాడు విప్పబోయాను.

"మేడమ్, ఇంకా ఓపెనింగ్ అవలేదండీ" అన్నాడు మేస్త్రీ.

"తెలుసు నాయనా" అని, ముడి రాకపోతే తాడు పైకెత్తి పట్టుకున్నాను. పిల్లలు వంగి ఒక్కొక్కరే దాటారు. చివర నేనూ దాటాను. నాలుగడుగులే, అయినా కిందికి చూడలేదు.