కెప్టెనమ్మ చెరువు దించిన రోజు

కెప్టెనమ్మకు ఆ పేరు పెట్టింది వాళ్ల అత్తగారే. పార్కు చెరువులో తొక్కుడు పడవలు అద్దెకిచ్చే పనిలో కుదిరిన కొత్తలో, నెత్తిన టోపీ, మెడలో ఈల వేసుకుని ఇంట్లోంచి బయలుదేరుతుంటే, "అబ్బో, ఓడ కెప్టెనమ్మ కదిలింది!" అందావిడ. వెక్కిరింపుగా అన్న మాట పార్కంతా పాకి పేరై కూర్చుంది. కొన్నాళ్లకు అత్తగారు కూడా కోడలి వెంట వచ్చి టికెట్ల కిటికీలో కూర్చోసాగింది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవడం ఆవిడ ఒంటికి సరిపడలేదు.

చెరువు చిన్నదే. మూడు వైపులా ఎత్తు నేల, నాలుగో వైపు మట్టికట్ట. సాయంత్రాలు జనం ఆ కట్ట మీదే షికారు చేస్తారు. కట్టకు ఇవతల నీళ్లు, అవతల గడ్డి వాలు, వాలు కింద కాలువ, కాలువ దాటితే ఇళ్లు. వాటిలో ఒకటి కెప్టెనమ్మది. వంటగది కిటికీ తీస్తే కట్ట తప్ప ఇంకేమీ కనబడదు.

ఏటా కట్టను చూసిపోయే ఇంజనీరమ్మ వెంట కెప్టెనమ్మ తిరుగుతూ, కనబడిందల్లా అడిగేది. ఆమె కూడా విసుక్కోకుండా చెప్పేది. "కట్ట కింద ఊట తేటగా ఉంటే కంగారు పడకు, కానీ కనిపెట్టుకుని ఉండు. మట్టిరంగులో వస్తే మాత్రం లోపలి మన్ను కొట్టుకొస్తున్నట్టే. ముందు నాకు ఫోన్ కొట్టు."

ఆ ఏడు వానలు ఆగకుండా కురిశాయి. చెరువు నిండి, మిగులు నీళ్లు పోయే అలుగు దాకా వచ్చింది. ఎండ కాసిన మొదటి సెలవు రోజున పొద్దున్నే పడవల దగ్గర జనం బారులు తీరారు. తెరిచే ముందు అలవాటు ప్రకారం కెప్టెనమ్మ కట్ట కిందకి వెళ్లి చూసింది. చెరువు నీళ్లు కాలువలోకి వదిలే పాత తూము పైపు పక్కన గడ్డిలో నీళ్లు బుడబుడమంటూ పైకి ఉబుకుతున్నాయి. దోసిట పట్టింది. ఎర్రగా ఉన్నాయి. వేళ్ల సందుల్లో మన్ను మిగిలింది. వెంటనే ఫోన్ తీసింది.

"ఎర్రగానా? బాగా చూశావా?" ఫోన్లో ఇంజనీరమ్మ గొంతు మారిపోయింది. "కట్ట మీద జనాన్ని దించెయ్. కింద ఇళ్లు ఖాళీ చేయించు. వచ్చేస్తున్నా!"

కెప్టెనమ్మ ఊపిరి నిండా పీల్చి ఈల ఊది, కట్ట మీది జనాన్ని దిగిపొమ్మని కేకేసింది. "అత్తయ్యా, కిటికీ మూసేయండి! వీధిలోకి వెళ్లి అందర్నీ బయటికి రమ్మనండి!"

"ఏమైందే?"

"కట్ట!"

ఆ ఒక్క మాట చాలింది. ఆవిడ గొంతుకి మైకు అక్కర్లేదు. "గ్యాసు కట్టెయ్యండి! ముసలాళ్లని ముందు తీసుకురండి! ఆ కుర్చీ ఎందుకయ్యా, వదిలెయ్!" అంటూ వీధి ఈ చివర్నించి ఆ చివరికి గాలిలా తిరిగింది. చూస్తుండగానే వీధంతా ఎత్తున ఉన్న రోడ్డు మీదకి చేరింది.

జీపు ఆగీ ఆగకముందే ఇంజనీరమ్మ దూకింది. ఊట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూసింది.

"పైపుకి లోపల చిల్లులు పడి ఉంటాయి. తూము తలుపు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. బలవంతం చేస్తే పైపే విరుగుతుంది. ముందు దీని మీద ఇసుక, దాని మీద కంకర పోయాలి."

"మూసేద్దామా మేడమ్?"

"వద్దు. మూస్తే ఇంకోచోట పగులుతుంది. నీళ్లు పోవాలి, మన్ను పోకూడదు."

కెప్టెనమ్మ మొగుడు టిప్పర్ డ్రైవరు. కబురందగానే పక్క వీధిలో కడుతున్న ఇంటి దగ్గర్నించి ఇసుక వేసుకుని హారన్ మోగిస్తూ వచ్చాడు. "ఎక్కడ పొయ్యమంటావే?" అని కేబిన్లోంచే అరిచాడు. రెండోసారి కంకర తెచ్చాడు. నలుగురైదుగురు మగాళ్లు తట్టలతో మోసి ఇంజనీరమ్మ చూపించిన చోట పోశారు.

ఇంతలో ఇంజనీరమ్మ తెప్పించిన లావుపాటి ప్లాస్టిక్ గొట్టాలు దిగాయి. వాటి నిండా నీళ్లు నింపి, ఒక చివర చెరువులో, ఇంకో చివర కట్ట దాటించి కాలువలో వేసి ఒక్కసారి తెరిస్తే, కట్టను తవ్వకుండానే నీళ్లు వాటంతట అవే ఎక్కి దిగుతాయి. కానీ చెరువులో ఉన్న చివర లోతులోనే ఉండాలి. గాలి పీల్చిందంటే ఆగిపోతుంది. అడుగుకి తగిలితే బురద పట్టి పూడుకుపోతుంది.

"అంత లోతుకి ఎలా చేర్చడం?" అన్నారెవరో.

"నా పడవలెందుకున్నాయి మరి!" అంది కెప్టెనమ్మ.

రెండు పడవల్ని పక్కపక్కన కట్టి, మధ్యలో గొట్టం వేలాడదీసి, లైఫ్ జాకెట్ బిగించుకుని తొక్కింది. గొట్టం బరువుకి పడవలు ఒకపక్కకి ఒరిగాయి. తొడలు మండుతున్నాయి. అయినా ఆమెకు నవ్వొస్తోంది. ఇన్నేళ్లుగా అందరినీ షికారు తిప్పిన పడవలు మొదటిసారి పనిలోకి దిగినట్టు అనిపించింది. లంగరు వేసి, ఈల ఊదింది.

ఒడ్డున మూతలు తీశారు. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత గొట్టం ఒక్కసారి వణికి, అవతల కాలువలోకి భళ్లుమని నీళ్లు దూకాయి. రోడ్డు మీద జనం పెళ్లివారిలా కేకలేశారు. రెండో గొట్టం, మూడో గొట్టం. చెరువు వేలెడు దిగింది, బెత్తెడు దిగింది. మధ్యాహ్నం దాటాక ఇంజనీరమ్మ ఊట నీళ్లని గాజుగ్లాసులో పట్టి ఎండకెత్తింది. తేటగా మెరిశాయి.

"ఆగింది! మన్ను ఆగింది!" కెప్టెనమ్మ ఆమెను వాటేసుకుంది. ఇద్దరి బట్టలూ బురదే.

గొట్టాలు మర్నాడు కూడా నడిచాయి. పడవలు బురదలో పక్కకి పడుకున్నాయి. అత్తగారు నిట్టూర్చింది. "నీ పొట్ట నువ్వే కొట్టుకున్నావు కదే."

"ఇల్లు నిలిచింది కదత్తయ్యా. పొట్ట సంగతి తర్వాత చూసుకుందాం."

కట్టను తూము దగ్గర కోసి పాత పైపు బయటికి తీస్తే జల్లెడలా ఉంది. కొత్త పైపు వేసి, చుట్టూ వడపోత ఇసుక పోసి, మన్ను పొరలు పొరలుగా పరిచి రోలర్‌తో తొక్కించారు. అన్నాళ్లూ కెప్టెనమ్మ అక్కడే కాపలా పని చేసింది. తర్వాతి వానలకి చెరువు మెల్లగా నిండింది. కొత్త తూము తలుపు బిగుసుకోకుండా నెలనెలా తిప్పే బాధ్యత ఆమెకే ఇచ్చారు. మొదటిసారి ఇంజనీరమ్మ పక్కన నిలబడి చూస్తుండగా తలుపు తెరిచే చక్రం పట్టుకుని తిప్పింది. వెన్నలా తిరిగింది. కాలువలోకి నీళ్లు తెల్లగా ఎగదన్నాయి.

"వస్తున్నాయి, మేడమ్! చూడండి, ఎలా వస్తున్నాయో!" అని ఆమె పెట్టిన కేకకి కట్ట మీద నడిచేవాళ్లంతా ఆగి, రెయిలింగ్ దగ్గరకి పరుగెత్తుకొచ్చారు.