గొడ్డలమ్మ

రోజూ పొద్దున్నే ఆ పాత జలాశయం మట్టికట్ట మీద చెప్పులు చేత్తో పట్టుకుని నడిచే ఇంజనీరమ్మను కూలీలు చాటుగా గొడ్డలమ్మ అంటారు. కట్ట వెనకవైపు చెమ్మ ఊరితే కంటికంటే ముందు అరికాలికే తెలుస్తుందని ఆవిడ నమ్మకం. అక్కడ మొక్క మొలిస్తే చాలు, పీకి పారేస్తుంది. పెద్ద చెట్లన్నీ కొట్టించేసింది, ఒక్కటి తప్ప. అది ఇక్కడే గేట్లు తిప్పే పని చేసి రిటైరైన ఆవిడ నాన్న నాటింది. ఆయన రోజూ దాని నీడలోనే కూర్చుంటాడు.

"దీన్నైనా వదిలెయ్యమ్మా," అన్నాడాయన.

"వేళ్ళు కట్టలోకి దిగాయి నాన్నా. రేపవి కుళ్ళితే ఆ దారినే నీళ్ళు తొలుచుకొస్తాయి. కింద ఊళ్ళున్నాయి."

ఆయన మొహం తిప్పుకున్నాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుని గొడ్డలివాళ్ళకు చెయ్యూపింది. వేళ్ళన్నీ తవ్వితీయించి, గోతిని బంకమట్టితో నింపి, గట్టిపడేలా దిమ్మిసలతో కొట్టించింది.

మర్నాడు ఆవిడ కట్టెక్కేసరికి ఆయన ఎప్పటిచోటే గొడుగు వేసుకుని నిలబడి ఉన్నాడు. చెప్పులు పక్కన విప్పేసి, కొత్తమట్టిని అరికాలితో నొక్కి చూస్తున్నాడు.

"ఇక్కడ ఇంకా మెత్తగా ఉందే. మళ్ళీ కొట్టించు," అన్నాడు.