వెల్డర్ బావ గిటార్

వీధంతా వెల్డర్ బావ అని పిలిచే ఈ మనిషి దేన్నైనా ముందు కొట్టి, తర్వాతే బాగుచేస్తాడు. ఫ్యాన్ ఆగితే గుద్దు, షట్టర్ ఇరుక్కుంటే తన్ను, ఎదురు మాట్లాడినవాడికి చెంపదెబ్బ. అలాంటివాడు, చనిపోయిన మేనమామ తనకిచ్చి వెళ్లిన ఎలక్ట్రిక్ గిటార్‌ని మాత్రం పసిబిడ్డలా పట్టుకున్నాడు. కంపెనీ పేరు చెరిగిపోయింది. మెడ మరలు విప్పితే లోపలి చెక్క మీద నలభై ఏడేళ్ల నాటి తేదీ ముద్ర కనబడింది. తెగిన వైర్లు అతికించి, తుప్పు గీకి, కొత్త తీగలు బిగించడానికి మూడు నెలలు పట్టింది.

అది మొదటిసారి మోగిన రోజే మేనమామ కొడుకు షాపులోకి దూసుకొచ్చాడు.

"మా నాన్నది, ఇటు తే!"

"ఆయన మంచాన పడ్డప్పుడు రాలేదేంరా బామ్మర్దీ, దారి మర్చిపోయావా?"

మాట పూర్తికాకుండానే బావ ముక్కు పగిలింది. బావ తిరిగి కొడితే వాడి పెదవి చిట్లింది. వాడు రక్తం ఉమ్మి, "నాకు దక్కనిది నీకూ వద్దు!" అంటూ గిటార్‌ని రెండు చేతులా ఎత్తి ఇనుప దిమ్మె మీదకి బలంగా దించాడు. బావ తప్పుకోలేదు, దిమ్మెకి అడ్డంగా తన భుజం పెట్టాడు. ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. గిటార్ పట్టుకుని బామ్మర్ది అలాగే నిలబడిపోతే, కూలబడ్డ బావ పళ్లు బిగించి అన్నాడు: "అలా నిలబడతావేంరా వెధవా, తీగ మీటి చూడు. మోగుతోందా?"