తేనెపిట్ట మీద తువ్వాలు

పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం వేసినవాళ్ల సంగతి మీరు వినే ఉంటారు. తేనెపిట్ట మీద తువ్వాలు వేసిన మనిషిని చూడాలంటే మాత్రం బద్వేలులో మా ఇంటికే రావాలి. చదివింది మూడో తరగతే అయినా ఇంటిల్లిపాదినీ కంటిచూపుతో నడిపినదాన్ని. అట్లాంటి నా పరువును బొటనవేలంత పిట్ట ఒక్క పొద్దులో ఎట్లా ఎత్తుకుపోయిందో చెబుతాను. నవ్వుకోండి, కానీ నా ఎదుట వద్దు.

మా మనవరాలు శైలజ కర్నూలులో డిగ్రీ చదువుతున్న రోజులవి. కాలేజీలో పక్షుల ఫోటోల పోటీ అట. స్నేహితురాలి కెమెరా అడిగి తెచ్చుకుని, సెలవులన్నీ మా పెరట్లో మందార చెట్టుకు కాపలా కాసింది. ఆ చెట్టుకు రోజూ పొద్దున్నే ఒక తేనెపిట్ట వచ్చేది. నెమలికంఠం రంగు, సూదిలాంటి వంకర ముక్కు. వచ్చిందనేలోపే, పని చెబితే చుట్టం మాయమైనట్టు, మాయమయ్యేది. ఫోటోల్లో ఉత్త కొమ్మలే పడేవి.

సెలవులు అయిపోయాయి. "అవ్వా, రేపు సాయంత్రం నాకు బస్సు. పొద్దున ఒక్కపూటే ఉండాది. పెరట్లో నువ్వు బోకులు కూడా తోమొద్దు" అని మరీ మరీ చెప్పింది.

నేను తోమలేదు. మాటంటే మాటే. కానీ ఆ రోజు శుక్రవారం. పూలు కొనడమనే దుబారా మా ఇంట్లో లేదు. చీకటితోనే లేచి, చెట్టంతా దులిపి దేవుడి పటాలకు పెట్టాను. మిగిలినవి పారేయడమెందుకని నా కొప్పులో పెట్టుకున్నాను.

శైలజ పాత చీర అడ్డం కట్టుకుని, దాని వెనక కెమెరాతో కూర్చుంది. పిట్ట వచ్చింది. బోడి చెట్టు చుట్టూ తిరిగింది. పోయింది.

"అవ్వా! పూలు యాడ?"

"దేవుని కాడ."

"అన్నీనా?"

"శుక్రవారం గదమ్మే. దేవునికి సగం, పిట్టకు సగం అని యాడన్నా పంచుతారా?"

"పటం మీదివి నాలుగు తీసుకురా, కొమ్మకు కడతా."

"చెంపలేసుకో! పెట్టిన పూలు తీస్తారా?"

"అయితే నీ కొప్పులోవి ఇయ్యి."

"శుక్రవారం పూట ముత్తైదువ తలలో పూలు తీస్తే మీ తాతకు మంచిది కాదు."

"తాత కాఫీలో చక్కెర ఎగ్గొట్టేటప్పుడు యాడికి పోయింది ఈ ప్రేమ?"

అంటూనే పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. పూలు కోశాక కొమ్మలు పట్టుకుంటే ఏం లాభం? "పోనీ, ఏం చేయమంటావో నువ్వే చెప్పు" అన్నాను. మా ఇంట్లో నా నోట ఆ మాట విన్నవాళ్లు అంతకుముందు లేరు.

శైలజ నన్ను ఎగాదిగా చూసింది. "పూలు నీ తలలో ఉండాయి గాబట్టి నువ్వే చెట్టు. పోయి మందారం పక్కన కూర్చో. కదలొద్దు, దగ్గొద్దు, ఎవర్నీ తిట్టొద్దు."

"తిట్టకుండా ఎంతసేపు?"

"పిట్ట వచ్చేదాకా."

ఎండకని భుజాన తువ్వాలు వేసుకుని కూర్చున్నాను. పక్కింటి మేక వచ్చి నా కరివేపాకు మొక్క మేస్తుంటే కూడా నోరు మూసుకున్నాను. అది ఎంత తపస్సో ఇల్లు నడిపినవాళ్లకే తెలుసు. చల్లగాలికి చిన్న కునుకు పట్టింది.

చెవి వెనక బుర్రుమంది. కొప్పులో ఏదో కదిలింది. మీకైతే తేనెపిట్ట గుర్తొచ్చేదేమో, నాకు కందిరీగ గుర్తొచ్చింది. "ఓయమ్మో!" అని అరిచి, తువ్వాలు లాగి ఒక్క విసురు విసిరాను. అదృష్టం, పిట్టకు తగల్లేదు. అది గోడ దాటింది. మేక కూడా దాటింది. కెమెరా టిక్కుమంది.

ఫోటోలో నేను: నోరు బావిలా, కళ్లు గుడ్లగూబవిలా, తువ్వాలు జెండాలా. ఒక మూలన పిట్ట తోక. శైలజ దాన్ని కెమెరాలో నాకు చూపించింది. ఆ తర్వాత నవ్విన నవ్వుకు మా ఆయన మగ్గం ఆపి బయటికి వచ్చాడు.

వేరే గతి లేక దాన్నే పోటీకి పెట్టింది. కొన్నాళ్లకు ఫోను.

"అవ్వా, ప్రైజు వచ్చింది!"

"తోకకా?"

"తోకను జడ్జి సారు చూడనే లేదు. బెదిరిన ప్రాణి ముఖం ఇంత బాగా ఎవురూ పట్టలేదు అన్నాడు."

"ఆ ప్రాణి ఎవురే?"

ఫోనులో కిసుక్కుమన్న నవ్వు ఒక్కటే వినబడింది.

కాబట్టి, మా మందార చెట్టు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట శుక్రవారమైనా సరే, దేవుడికి నాలుగు కోసుకుని, తక్కిన పూలను పిట్ట తాగి పోయేదాకా ముట్టను. ఆ తర్వాత అంటారా? ఎంగిలైతేనేం, కొప్పుకు పనికొస్తాయి. పారేస్తామా!