పధ్నాలుగో ప్రశ్న దగ్గర బొండాం

ఎదుటి మనిషి మాట మధ్యలో లేచి వెళ్తే సత్యదుర్గ వాచీ చూసుకుని కాగితం అంచున చిన్న సున్న చుడుతుంది. సున్న పక్కన టైము వేస్తుంది. మనిషి తిరిగొచ్చి కూర్చునేదాకా పెన్ను మూత పెట్టదు.

పరిశోధన పద్ధతుల క్లాసులో చెప్పారు: ఇంటర్వ్యూకు అంతరాయం కలిగితే నమోదు చేయాలి. ఆ క్లాసులో అరవై మంది ఉన్నారు. ఆ మాట పాటించింది ఆమె ఒక్కతే అయి ఉండవచ్చు. ఇప్పుడు ఇంట్లోనూ అదే అలవాటు. పాలవాడు తలుపు కొడితే, చదువుతున్న పేపరు అంచున సున్న పడుతుంది.

సత్యదుర్గది అమలాపురం. వయసు నలభై ఆరు. ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా కామర్సు చెబుతోంది. ఉద్యోగం ఏడాదికోసారి రాసే ఒప్పందం మీద నడుస్తుంది. భర్త రాజబాబు రావులపాలెంలో అరటి గెలల లారీలకు బుకింగు చూస్తాడు. ఇద్దరూ పొద్దున్నే చెరో బండి మీద బయలుదేరతారు. సాయంత్రం ముందు ఎవరొస్తే వాళ్లు బియ్యం కడుగుతారు.

తొమ్మిదేళ్లుగా ఆమె పీహెచ్‌డీ చేస్తోంది. విషయం, కోనసీమ చిన్న ఎగుమతిదారుల అంతర్జాతీయ వ్యాపార వ్యూహం. ఎవరైనా అడిగితే రాజబాబు "కొబ్బరి పొట్టు మీద చదువుతోందండి" అంటాడు. అది తప్పు కాదు.

ఈ ఏడాది యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. మార్చి నెలాఖరుకు థీసిస్ అందకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. కాలేజీ నుంచి కూడా ఒక నోటీసు వచ్చింది. పీహెచ్‌డీ లేనివారి ఒప్పందం జూన్ తర్వాత కొనసాగదు. రెండు కాగితాలనూ ఆమె ఒకే ఫైలులో పెట్టింది.

ప్రశ్నలు నలభై. ఎక్కడో మంచు కురిసే దేశాల్లో కంపెనీల వాళ్లను అడగడానికి తయారైన ప్రశ్నలవి. ఆమె తెలుగు చేసుకుంది. ప్రతి ప్రశ్నా ఒక వాక్యం. పూర్తిగా కాదంటే ఒకటి, పూర్తిగా అవునంటే ఐదు. మధ్యలో మిగతావి.

రెండేళ్లు స్కూటీ మీద తిరిగింది. ముక్తేశ్వరంలో కొబ్బరి పొట్టు కడిగి, ఆరబెట్టి, దిమ్మలుగా నొక్కి కొరియాకు పంపేవాళ్లను కలిసింది. అంతర్వేది వైపు రొయ్యల వాళ్లను కలిసింది. రాజోలులో పీచు తాళ్ల వాళ్లను కలిసింది. మొత్తం నూట పన్నెండు మంది. అందరూ కుర్చీ తుడిచి వేశారు. అందరూ ఫ్యాను తమవైపు నుంచి ఆమెవైపు తిప్పారు. అన్ని ప్రశ్నలకూ అవునన్నట్టు మర్యాదగా "ఆయ్" అన్నారు.

నాలుగు వేల నాలుగు వందల ఎనభై గళ్లు. అన్నింటిలోనూ ఐదే.

గైడు ప్రొఫెసర్ వీరేంద్ర రాజమండ్రిలో ఉంటారు. ఆయన ఈ జిల్లాల మనిషి కాదు. మార్చి మొదటి వారంలో ఫోన్ చేశారు.

"ఏంటమ్మా ఇది? సాఫ్ట్‌వేర్ నడవనంటోంది."

"ఆయ్, మా కంప్యూటర్లోనూ నడవలేదండి."

"మనుషుల మధ్య తేడా ఉంటేనే కదా పరిశోధన. నూట పన్నెండు మంది ఒకే మాట చెబుతారా ఎక్కడైనా?"

"ఇక్కడ చెబుతారండి."

ఆయన గొంతు తగ్గించారు. "కొన్ని నాలుగులు చేయండి. కొన్ని రెండ్లు. వరసగా కాకుండా అక్కడక్కడా చల్లండి. ఎవరూ చూడరు."

"ఆయ్" అంది సత్యదుర్గ.

మర్నాడు కాలేజీ అయ్యాక ముక్తేశ్వరం వెళ్లింది. కొండబాబు పొట్టు దిమ్మలు చేస్తాడు. అతని కూతురికి ఆమె పాఠం చెప్పింది. యార్డులో పొట్టు ఎర్రగా ఆరబోసి ఉంది. గోడకు అవతల ఇంకో యార్డు. అది అతని తోడల్లుడు దొరబాబుది. ఇద్దరి సరుకూ ఒకే వారం, ఒకే ఓడలో, ఒకే రేవుకు వెళ్తుంది. కంటైనర్లు వేరు. రెండూ సగమే నిండుతాయి.

"కొండబాబు గారూ, తొమ్మిదో ప్రశ్నలో నష్టమొచ్చినా విదేశీ వ్యాపారంలో ముందుకెళ్తానన్నారు. ముప్పై ఒకటిలో నష్టమొస్తుందంటే దాని జోలికే వెళ్లనన్నారు. రెండింటికీ ఐదే వేయించేరు."

"ఆయ్."

"రెండూ ఎలా కుదుర్తాయండీ?"

కొండబాబు ఇబ్బందిగా చూశాడు. "రెండూ తమరే కదండీ అడిగేరు. ఎండలో పడి వచ్చేరు. ఒకటి ఒప్పుకుని ఇంకోటి కాదంటే ఏం బాగుంటాదండీ?"

ఆమె రాసుకుంది.

"పోనీ పధ్నాలుగు. పోటీదారుతో కలిసి ఒకే కంటైనర్లో సరుకు పంపడానికి నేను సిద్ధం."

"ఆయ్. ఎందుకు పంపమండీ? పక్కనున్నది మా తోడల్లుడే కదండీ."

"ఎప్పుడైనా పంపేరా?"

"పంపుతామండీ."

"ఈ నెల పంపుతారా?"

కొండబాబు కొబ్బరిచెట్టువైపు చూశాడు. "బొండాం తాగుదురు గానండీ. లేతది దింపిస్తాను." లేచాడు. చెప్పులు వేసుకోకుండానే వెళ్లాడు.

సత్యదుర్గ వాచీ చూసుకుంది. నాలుగూ ఇరవై. కాగితం అంచున సున్న చుట్టింది.

ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్ తెరిచి కూర్చుంది. ఎవరి ఐదును రెండు చేయాలో తేల్చుకోవడానికి అసలు కాగితాలు దగ్గర పెట్టుకుంది. చేసే పనిలో ఎవరికీ అన్యాయం జరగకూడదని ఆమె ఉద్దేశం. మొదటి కాగితం తీసింది. అంచున సున్న, పధ్నాలుగు పక్కన. రెండోది తీసింది. పధ్నాలుగు పక్కనే. మూడోదానిలో పధ్నాలుగు దగ్గర ఒకటి, ఇరవై రెండు దగ్గర ఒకటి.

ఇరవై రెండో ప్రశ్న: విదేశీ కొనుగోలుదారు అడిగితే నా లెక్కలన్నీ చూపిస్తాను.

ఇరవై కాగితాలు తిప్పాక భర్తను పిలిచింది. రాజబాబు అన్నం తింటూ కంచంతో సహా వచ్చి నిలబడ్డాడు.

"ఏవండీ, అందరూ పధ్నాలుగు దగ్గరే లేచేరు."

"ఎక్కడికి?"

"బొండాం తేవడానికి. కొందరు కాఫీకి."

రాజబాబు ముద్ద మింగాడు. "మరి వద్దని మొహాన ఎలా చెప్తారే?"

"వద్దనడం ఇదా?"

"ఇంకేంటి? మొన్న మీ అన్నయ్య నీ వాటా స్థలం అడిగేడు. నువ్వేం చేసేవు?"

"ఏం చేసేను?"

"రెండోసారి కాఫీ పెట్టేవు. ఆయన తాగి వెళ్లిపోయేడు. మళ్లీ అడిగేడా?"

సత్యదుర్గ అతని కంచంలోకి చూసింది. "చారు వేయనా?" అంది.

"అదిగో" అన్నాడు రాజబాబు.

ఆమె నవ్వలేదు. కాగితాల దగ్గరికి తిరిగి వెళ్లి మొదటి నుంచి లెక్కపెట్టింది. పధ్నాలుగో ప్రశ్న దగ్గర లేచినవాళ్లు తొంభై ఏడుగురు. ఇరవై రెండు దగ్గర నలభై ముగ్గురు. మా సరుకు నాణ్యత ఎవరికీ తీసిపోదు అన్న మూడో ప్రశ్న దగ్గర ఒక్కడూ లేవలేదు. అంతర్వేదిలో బుల్లబ్బాయి అనే రొయ్యల వ్యాపారి ఒక్కడు మాత్రం ఏ ప్రశ్నకూ కుర్చీ వదల్లేదు. అతనికి కాలు విరిగి ఉంది. ఆ సంగతి కూడా ఆమె అంచున రాసి పెట్టుకుంది.

కంప్యూటర్లో ఐదులను ముట్టుకోలేదు. ఒక్కొక్కరి వరసలో వాటి పక్కన ఇంకో నలభై గళ్లు గీసి, పైన 'బొండాం' అని రాసింది. కూర్చుంటే సున్న, లేస్తే ఒకటి. ఈసారి సాఫ్ట్‌వేర్ నడిచింది.

పదిహేను రోజులు సెలవు పెట్టి అధ్యాయం రాసింది. ఈ ఎగుమతిదారులు నోటితో ఇచ్చే సమ్మతికీ, వాళ్ల వ్యూహానికీ సంబంధం లేదని రాసింది. వాళ్ల నిరాకరణ ఆతిథ్యం రూపంలో ఉంటుందని రాసింది. ఇద్దరు తోడల్లుళ్లు సగం కంటైనర్లు పంపుకోవడానికి కారణం వాళ్ల జవాబుల్లో దొరకదనీ, వాళ్లు లేచిన చోట దొరుకుతుందనీ రాసింది. బుల్లబ్బాయిని లెక్కలోంచి తీసేసి, ఎందుకు తీశానో అడుగున రాసింది. ముప్పై నాలుగు పేజీలు వచ్చాయి. తొమ్మిదేళ్లలో ఆమె ఎవరినీ అడగకుండా రాసిన పేజీలు అవే.

ఆమె పంపిన అధ్యాయం చూసి ఇరవై తొమ్మిదో తేదీ సాయంత్రం వీరేంద్ర ఫోన్ చేశారు.

"బొండాం కాలమ్ ఏంటమ్మా?"

ఆమె చెప్పింది. ఆయన విన్నారు.

"బాగానే ఉంది. కథలా ఉంది. కానీ ఎగ్జామినర్ ఢిల్లీ ఆయన. బొండాన్ని నేను ఏ సిద్ధాంతం కింద చూపించను?"

"చూసింది రాసేనండి."

"తొమ్మిదేళ్ల చదువు. రెండు రోజుల్లో గడువు. నా మాట వినండి. ఆ కాలమ్ తీసేయండి. ఐదుల్లో కొన్ని మార్చండి. రేపు పదింటికల్లా ఇంటికి తీసుకురండి. మార్చినది చూసి సంతకం పెడతాను."

"ఆయ్" అంది సత్యదుర్గ.

రాజబాబు గుమ్మంలో నిలబడి విన్నాడు. "మార్చకపోతే సంతకం పెట్టడా?"

"పెట్టరేమో."

"సంతకం లేకపోతే ఉద్యోగం?"

"ఉండదు."

"మారుస్తావా మరి?"

ఆమె కంప్యూటర్ మూసింది. "రేపు పెందలాడే లేవాలి. బీరకాయ చేయనా, దొండకాయ చేయనా?"

రాజబాబు ఇంకేమీ అడగలేదు. దొండకాయ అన్నాడు.

మర్నాడు తెల్లవారకముందే సత్యదుర్గ పెరటి చెట్టు నుంచి ఆరు బొండాలు దింపించింది. కత్తితో సహా గోనె సంచిలో వేసుకుని, కంప్యూటర్ బ్యాగు భుజాన తగిలించుకుంది. రాజబాబు ఆమెను బండి మీద రావులపాలెం తీసుకెళ్లి రాజమండ్రి బస్సు ఎక్కించాడు. కండక్టరు సంచికి టిక్కెట్టు అడిగి, అందులో ఏముందో చూసి, అక్కర్లేదన్నాడు.

వీరేంద్ర ఇంటికి చేరేసరికి పది కావడానికి ఐదు నిమిషాలు ఉన్నాయి. ఆయన వరండాలో కుర్చీ చూపించి, కంప్యూటర్ తెరవమన్నారు. ఆమె తెరిచింది. ఐదులు ఐదులుగానే ఉన్నాయి. పక్కన నలభై గళ్లూ ఉన్నాయి.

ఆయన కళ్లజోడు సర్దుకున్నారు. "మార్చలేదా?"

"లేతవండి. పొద్దున్నే దింపించేను" అంది సత్యదుర్గ. సంచిలోంచి కత్తి తీసి మొదటి బొండాం కొట్టి ఇచ్చింది.

ఆయన తాగారు. బాగుందన్నారు. మూతి తుడుచుకుని మళ్లీ తెరవైపు తిరిగారు. "సరేనమ్మా, ఎప్పుడు మారుస్తారు మరి?"

సత్యదుర్గ రెండో బొండాం అందుకుంది.