హాజరు కాగితం

ఆ ఉత్తర్వు ఏలూరులో మా జిల్లా ప్రణాళిక ఆఫీసుకు వచ్చిన రోజు నేను నిజంగా సంతోషించాను. దేశానికి వేసే ప్రణాళికలో పర్యావరణానికి చివర ఓ పేజీ వదిలేసి ఊరుకోవడం ఇక కుదరదని, ప్రతి పనిలోనూ దాని మంచిచెడ్డలు చూడాలని అందులో ఉంది. చేపల చెరువు ఎంత పండించిందో రాసేచోటే, దాని వల్ల కొల్లేరు ఏం పోగొట్టుకుందో కూడా రాయాలి. ఒక్కో జిల్లా ఒక్కో అధ్యాయం పంపాలి. మా జిల్లాకు కొల్లేరే అధ్యాయం.

వట్లూరులో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే ఉద్యోగం మానేసి, అప్పటికి కొద్ది నెలల ముందే కాంట్రాక్టు మీద ఆ ఆఫీసులో చేరాను. మా ఇంట్లో మూడు తరాలుగా అందరూ మిషన్ బళ్ళలో టీచర్లే. పుస్తకంలో ఉన్నది బయట కూడా జరుగుతుందని నమ్మడం మాకు అలవాటు. మా ఆఫీసర్‌గారు రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి. ఇన్నాళ్ళూ సగం లెక్కే రాశామమ్మా, ఇదొక్కటి సరిగ్గా రాసి ఇంటికి పోతాను అన్నారు. ఆయనా నాలాగే నమ్మారు.

కొల్లేటి మధ్య ఒక లంక ఊరు ఎంచుకుని అక్కడికి తిరగడం మొదలుపెట్టాను. రేవులో నన్ను మొదట పలకరించినావిడకు యాభై దాటి ఉంటాయి. పొద్దున్నే మొగుడూపెళ్ళాలు దోనె మీద వెళ్ళి, చేపలు పడే మావులు అనే వెదురు బుట్టలు నీళ్ళలోంచి తీసి చూసుకునేవారు. ఆ తరువాత ఆవిడ, ఊరివాళ్ళంతా కలిసి తవ్వుకున్న సొసైటీ చెరువు మీద కూలికి పోయేది. ఆవిడను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఒకరోజు నన్ను దోనెలో కూర్చోబెట్టుకుని మావులన్నీ తీసి చూపించింది. నాలుగు మట్టగిడసలు, చచ్చి ఉబ్బిన ఒక కొర్రమీను. నీళ్ళు నల్లగా, జిగురుగా ఉన్నాయి. ఏలూరు మురుగంతా ఏటిలో కలిసి ఇక్కడికే వస్తుందని, చిన్నప్పుడు దోనెలోంచి వంగి దోసిలితో తాగిన నీళ్ళు ఇవేనని చెప్పింది. ఇప్పుడు తాగే నీళ్ళు టిన్నుల్లో పడవ మీద తెచ్చుకుంటున్నారు.

మా ప్రణాళికలో చెరువు గట్లు కొట్టేసి సరస్సును మళ్ళీ మునుపటిలా పారనివ్వాలన్న ఆలోచన ఉందని నేనే చెప్పాను. ఆవిడ తెడ్డు వేయడం ఆపింది.

"గట్లు అడ్డం ఉంటే ఈ నీళ్ళు కదలవండి, బాగుపడవండి. కొట్టేస్తే మా కూలి పోద్దండి. మీరు ఏది రాస్తారండీ?"

ఆ ప్రశ్న పట్టుకుని చాలా రోజులు కూర్చున్నాను. చివరకు నాకు తోచింది ఒక వరస. మొదట పట్టణం మురుగు శుద్ధి చేయాలి. తరువాత లంకల్లో మంచినీళ్ళు, చెరువుల మీద బతికేవాళ్ళకు వేరే పని. ఇవన్నీ కళ్ళకు కనబడ్డాకే గట్ల మీద చెయ్యి వేయాలి. వరస మారితే ఈ అధ్యాయానికి అర్థం లేదని కూడా రాశాను. ఆఫీసర్‌గారు రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం దిద్దకుండా సంతకం పెట్టారు.

దీన్ని పైకి పంపాలంటే ఊళ్ళో సమావేశం పెట్టాలన్నారు. పంచాయతీ షెడ్డులో పెట్టాం. నా వరస నేను చదివి వినిపించాను. అందరూ విన్నారు, నీళ్ళ గురించే ఎక్కువ అడిగారు, ఆ వరస అయితే సరేనన్నారు. మజ్జిగ పేకెట్లు పంచేటప్పుడు హాజరు కాగితం తిప్పాను. ఆడవాళ్ళలో సంతకం వచ్చింది పిన్నిగారికి ఒక్కదానికే. పెన్ను పట్టుకుని నా వైపు చూసింది.

"ఇది దేనికండీ?"

"మీరు వచ్చారని రాసుకోవడానికేనండీ, పిన్నిగారూ."

సంతకం పెట్టింది. మిగతావాళ్ళు దాని కింద వేలిముద్రలు వేశారు.

రాజధానిలో జరిగిన సమీక్షకు నన్నూ తీసుకెళ్ళారు. పెద్ద తెర మీద మా అధ్యాయం వచ్చింది. మురుగు శుద్ధి వేరే శాఖ పని అని తీసేశారు. మంచినీళ్ళు ఇంకో శాఖవి. కూలీలకు వేరే పని అన్నది ముందు ముందు పరిశీలించాల్సిన విషయాల్లోకి వెళ్ళింది. గట్లు కొట్టడం, పక్షులను చూడటానికి వచ్చేవాళ్ళకు పడవల రేవు, ఈ రెండే మిగిలాయి. ఆఫీసర్‌గారు లేచి వరస గురించి చెప్పబోతే, టైం లేదండీ అన్నారు. ప్రజలను సంప్రదించారా అని అడిగినప్పుడు అందరూ నా వైపు తిరిగారు. సంప్రదించామండీ అన్నాను. అది అబద్ధం కాదు. వాళ్ళు ఒప్పుకున్నది దీనికి కాదండీ అన్న రెండో మాట నోటి దాకా వచ్చింది. నేను అనలేదు.

ఎండాకాలంలో పొక్లెయిన్లు దిగాయి. పెద్ద చెరువులవాళ్ళు కోర్టు నుంచి స్టేలు తెచ్చుకున్నారు. సొసైటీ చెరువుకు అలాంటి దిక్కు లేదు. గట్టు తెగి చేపలన్నీ నల్లనీళ్ళలోకి పోతుంటే ఊరు ఊరంతా మోకాళ్ళ లోతులో నిలబడి చూసిందని విన్నాను. అడ్డం వెళ్ళినవాళ్ళకు ఒక కాగితం చూపించారట. మీ ఊరు ఒప్పుకుని పెట్టిన సంతకాలు ఇవిగో అన్నారట. అది నేను తిప్పిన హాజరు కాగితమే. పైన ఉన్న శీర్షిక ఎవరు ఎప్పుడు మార్చారో నాకు ఇప్పటికీ తెలియదు.

అది హాజరు కాగితం మాత్రమేనని, సమావేశంలో చదివిన వరస వేరని, నా పేరుతో ఎన్నో చోట్లకు రాశాను. మొదటి ఉత్తరం మీద ఆఫీసర్‌గారూ సంతకం పెట్టారు. తరువాత ఆయన రిటైరయ్యారు. ఎక్కడి నుంచీ జవాబు రాలేదు. నా కాంట్రాక్టు పొడిగించలేదు. పెంటపాడులో ఒక చిన్న కాలేజీలో మళ్ళీ పాఠాలకు కుదిరాను.

పిన్నిగారు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్‌లో పనిచేస్తోందని తెలిసి, ఒక మధ్యాహ్నం కాలేజీ నుంచి నేరుగా వెళ్ళాను. గోడౌన్‌లో ఇరవైమంది ఆడవాళ్ళు ఉల్లిపాయల గుట్టల చుట్టూ కూర్చుని కుళ్ళినవి ఏరుతున్నారు. తుమ్ములు తప్ప మాటల్లేవు. ఆవిడ నన్ను చూసి లేచి, కొంగుతో ఒక గోనెసంచి దులిపి కూర్చోమంది. బాగున్నారా అండీ అని అడిగింది. మొగుడు లంక వదిలి రానన్నాడని, పదిహేను రోజులకోసారి తనే వెళ్ళి చూసొస్తున్నానని చెప్పింది. నీళ్ళు అలాగే ఉన్నాయంది.

నేను అన్నీ చెప్పాను. కాగితం సంగతి, సమీక్షలో నేను ఊరుకున్న సంగతి, రాసిన ఉత్తరాల సంగతి. క్షమించమని అడగడానికి వచ్చానని చెప్పలేకపోయాను. ఆవిడ చేతిలోని ఉల్లిపాయ పొర ఒలుస్తూ విన్నది.

"ముందు నేను పెట్టాను కదండీ," అంది చివరికి. "నన్ను చూసి వేశారండి వాళ్ళందరూ. ఊళ్ళోకి వెళ్తే ఎవరూ ఏమీ అనరండి. మాట్లాడరంతే."

నేను ఊరికి వచ్చి అందరి ముందూ తప్పు నాదేనని చెబుతానన్నాను. తల అడ్డంగా ఊపింది.

"రావద్దండీ మేడంగారూ. కోపంతో అనటం లేదండి. మీరొస్తే మళ్ళీ ఏదో బాగుపడుద్దని ఆశ పడతారండి."

మేస్త్రి పిలిచాడు. ఆవిడ వెళ్ళి తన గుట్ట దగ్గర కూర్చుంది. నేను స్టేషన్ వైపు నడిచాను. ఆ లంకకు మళ్ళీ వెళ్ళలేదు.