బీకరులో కట్టిన మబ్బు

ఇన్నేళ్లలో ఈ సంగతి నన్నెవరూ అడగలేదు. నేనే ఎత్తబోతే ఎదుటివాళ్లు కాఫీ తెప్పించి మాట మార్చారు. అందుకే రాస్తున్నాను.

డెబ్భైల్లో మద్రాసులో ఎమ్మెస్సీ చదివేవాణ్ణి. మాది అక్కడే చూలై పేట, నాన్నది తుమ్మబంక కొట్టు. నా ప్రయోగమూ ఆ బంకతోనే. తుమ్మబంకనీ జెలటిన్‌నీ గోరువెచ్చని నీళ్లలో విడివిడిగా కరిగించి, కలిపి, నాలుగు చుక్కల ఆమ్లం వేస్తే, తేటగా ఉన్నది పాలలా తెల్లబడాలి. రెండూ పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. ఆ పులుపులో ఒకదానిది ధనావేశం, ఇంకోదానిది రుణావేశం. ఒకదాన్నొకటి లాక్కుని, గుంపుకట్టి, చిన్న బొట్లుగా నీళ్ల నుంచి విడిపోతాయి.

మా ఆచార్యులు చూడ్డానికి వచ్చిన రోజు బీకరు తేటగానే ఉండిపోయింది.

"ఏందబ్బా, మబ్బు పడతాదంటివే, ఏడ? మీ నాయన కొట్లో జిగురు ఇంతకంటే చిక్కంగా ఉంటాదే," అన్నారు. ఆయనదీ తరతరాలుగా ఈ ఊళ్లో ఉన్న తెలుగు కుటుంబమే. క్లాసంతా నవ్వింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఒకచోట కూర్చోలేకపోయాను. దాహమేసి బిందె మీద చెయ్యి వేస్తే అమ్మ, "దాన్లో ముంచబాకురా, అవి ఉప్పునీళ్లు. మంచినీళ్లు ఆడుండాయి," అంది.

అప్పుడు తట్టింది. ఎండాకాలం, కాలేజీలో కొళాయి రావడంలేదు. మర్నాడు ల్యాబులో డిస్టిల్డ్ వాటర్ సీసాలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. అందులో ఎవరో పోసిపెట్టినవి సముద్రం పక్క బావినీళ్లు, ఒకటే ఉప్పు. ఉప్పులోని ఆవేశాలు చుట్టూ మూగితే ఆ గొలుసులు ఒకదాన్నొకటి లాక్కోలేవు.

చూలైలో బ్యాటరీ షెడ్డు నుంచి డిస్టిల్డ్ వాటర్ తెచ్చి మళ్లీ కలిపాను. తెల్లబడింది. కొంచెం వేరే గ్లాసులోకి తీసి ఉప్పు వేస్తే తేటపడింది. పరుగెత్తి ఆచార్యులను పిలుచుకొచ్చాను.

"మొన్న పోసింది బావినీళ్లు సార్. ఇప్పుడు చూడండి సార్."

ఆయన మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు తల ఎత్తలేదు. బొట్లు చారులో నూనెచుక్కల్లా తగులుకుని ఒకటైపోతున్నాయి. చివరికి, "దుమ్ము పడినట్టుండాది. పోయి గ్లాసులు కడుక్కో పో," అన్నారు. నన్ను సబ్బుల మీద ప్రయోగాలకు మార్చారు. ఆ తర్వాత వచ్చిన విద్యార్థులకు, ఆ ప్రయోగం ఈ ఊళ్లో రాదని చెప్పేవారట.

దుమ్ము అలా గుండ్రంగా కలిసిపోదు. సార్, ఇప్పటికీ పెళ్లిళ్లలో కనబడితే నా ఆరోగ్యం అడుగుతారు. నా ఆరోగ్యం బాగానే ఉంది. ఆనాడు మీరు చూసిందేమిటో చెప్పండి.